బీఎస్సీ కెమిస్ట్రీలో పేపర్ మార్చాలంటే ఎవరి పర్మిషన్ కావాలి, ఎన్నాళ్లు పడుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను, ఎక్కడైనా తప్పుగా పట్టుకుంటే సరిచేయండి. మీది శ్రీకాకుళం జిల్లాలో అటానమస్ (సిలబస్, పరీక్షలు తనే చూసుకునే) డిగ్రీ కాలేజీ. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్లిన మీ పిల్లలు హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే మెషిన్) గురించి అడిగేసరికి బిక్కమొహం వేసుకుని వస్తున్నారు. అందుకని బీఎస్సీ కెమిస్ట్రీ ఐదో సెమిస్టర్‌లో ఒక పాత పేపర్ తీసేసి ఇన్‌స్ట్రుమెంటల్ అనాలిసిస్ (ఇలాంటి మెషిన్లతో చేసే రసాయన పరీక్షలు) పెట్టాలనుకుంటున్నారు. ప్రిన్సిపాల్ గారేమో ఎలాగూ మారుస్తున్నాం కదా, కోర్సు పేరే ఫార్మా కెమిస్ట్రీ అని పెట్టేద్దాం, అడ్మిషన్లు పెరుగుతాయి అంటున్నారు. జూన్‌కల్లా అయిపోవాలి. ఇదే కదా?

నేను కెమిస్ట్రీ మాస్టారిగా చేరి, చాలా ఏళ్లు బోర్డ్ ఆఫ్ స్టడీస్ (డిపార్ట్‌మెంట్ సిలబస్ తయారుచేసే కమిటీ) ఛైర్మన్‌గా, చివర్లో అకడమిక్ కౌన్సిల్ (దాన్ని ఆమోదించే కాలేజీ కమిటీ) మెంబర్ సెక్రటరీగా కూడా చేసి రిటైరై ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. ఈ ఫైళ్లు ఎన్ని తిప్పానో లెక్కలేదు. నా అనుభవంలో పర్మిషన్ అనేది అందరూ భయపడేంత కష్టమైన పని కాదు. మీటింగ్‌లో ఎవరూ అడగని ప్రశ్నలే తర్వాత మెడకి చుట్టుకుంటాయి. వాటి గురించే ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు ఒక ప్రశ్న అడిగాననుకుంటున్నారు గానీ అందులో మూడున్నాయి. ఉన్న పేపర్‌లో యూనిట్లు మార్చడం ఒకటి. పేపర్‌నే తీసేసి ఇంకోటి పెట్టడం ఇంకొకటి. కోర్సు పేరు మార్చడం మూడోది. మూడింటినీ ఒకే అజెండా ఐటమ్‌గా పెట్టి ‘కరిక్యులమ్ రివిజన్’ అని హెడ్డింగ్ కొట్టేస్తే, మొదటి రెండూ నిమిషంలో పాసయ్యేవి కూడా మూడోదానితో పాటు ఆగిపోతాయి. నా మాట విని వేరువేరు ఐటమ్స్‌గా పెట్టండి. పేరు సంగతి ఆఖర్న చెప్తాను, దాంట్లోనే అసలు తలనొప్పి ఉంది.

ముందు మీ కాలేజీ అటానమస్ కావడం ఎంత అదృష్టమో చెప్పాలి. అటానమస్ కాని కాలేజీ అయితే సిలబస్ మీద మీకు చేయి వేసే హక్కే లేదు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీ అయినా, ఇటు విజయనగరంలో ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీ అయినా అంతే, యూనివర్సిటీ బోర్డు ఏది ఇస్తే అది చెప్పుకోవాలి. మహా అయితే ఆ బోర్డు ఛైర్మన్‌కి మీ కాలేజీల తరఫున ఉత్తరం రాయొచ్చు, లేదంటే సిలబస్ జోలికి పోకుండా ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టుకుని పిల్లలకి ఇన్‌స్ట్రుమెంట్లు నేర్పొచ్చు. (నిజానికి ఇది చాలా మంచి దారి. సిలబస్‌లో పెట్టే ముందు ఒక ఏడాది ఇలా నడిపి చూస్తే పేపర్ ఎంత బరువవుతుందో తెలిసిపోతుంది. కానీ ఎవరికీ ఓపిక ఉండదు.)

అటానమస్ కాలేజీకి యూజీసీ నిబంధనలు 2018లో ఒకసారి, మళ్లీ 2023లో కొత్తగా ఇచ్చారు. రెండింట్లోనూ సారం ఒకటే. ఉన్న కోర్సులని తిరగరాసుకోవచ్చు, సిలబస్ మీరే తయారుచేసుకోవచ్చు. ప్రతి పేపర్‌కీ యూనివర్సిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. మీ డిపార్ట్‌మెంట్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ప్రతిపాదిస్తుంది, మీ కాలేజీ అకడమిక్ కౌన్సిల్ ఆమోదిస్తుంది, ఖర్చు ఉంటే ఫైనాన్స్ కమిటీ చూస్తుంది, గవర్నింగ్ బాడీకి తెలుస్తుంది, యూనివర్సిటీకి ఉత్తరం వెళ్తుంది. చెప్పుకుంటే ఇంతే.

బోర్డులో హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) ఛైర్మన్, డిపార్ట్‌మెంట్ మాస్టార్లందరూ సభ్యులు, మన యూనివర్సిటీ బయటి నుంచి ఇద్దరు సబ్జెక్ట్ నిపుణులు, వీసీ గారు నామినేట్ చేసే ఒకరు (ప్రిన్సిపాల్ పంపిన ఆరు పేర్ల ప్యానెల్ నుంచి), పరిశ్రమ నుంచి ఒకరు, పీజీ చేసిన పాత విద్యార్థి ఒకరు ఉంటారు. ఈ ‘పరిశ్రమ నుంచి ఒకరు’ అన్న కుర్చీని మన కాలేజీల్లో ఎంత నిర్లక్ష్యం చేస్తారంటే, ఊళ్లో మందుల షాపు ఆయన్ని పెట్టిన బోర్డులు కూడా చూశాను. మీకు పైడిభీమవరం గంట దూరంలో ఉంది. అక్కడ క్యూసీ ల్యాబ్‌లో పనిచేసే మీ పాత విద్యార్థిని ఒకణ్ణి పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. వాడు ‘సార్, వాళ్లు క్రొమటోగ్రఫీ థియరీ అంత లోతుగా అడగరు. రిటెన్షన్ టైం అంటే ఏంటి, బేస్‌లైన్ ఎందుకు కదులుతోంది, మొబైల్ ఫేజ్‌ని ఫిల్టర్ ఎందుకు చేయాలి, ఇవీ అడిగేది’ అని చెప్తే, మీరు రాసుకున్న ఐదు యూనిట్లలో ఒకటిన్నర అక్కడే మారిపోతుంది. మా బోర్డులో సరిగ్గా ఇదే జరిగింది. యూనివర్సిటీ ప్రొఫెసర్ చెప్పినదానికంటే ఆ కుర్రాడు చెప్పిన పది నిమిషాలే ఎక్కువ పనికొచ్చాయి.

మీటింగ్‌కి ఏం తీసుకెళ్లాలంటే, అందరూ కొత్త సిలబస్ టైప్ చేసి పట్టుకెళ్తారు. అది చాలదు. ఎడమ పక్క పాత సిలబస్, కుడి పక్క కొత్తది, మూడో గడిలో ఎందుకు మారుస్తున్నారో ఒక్క వాక్యం, ఇలా పట్టిక చేయండి. ‘కాలానుగుణంగా’ అని రాయకండి, అది చదివిన ఏ నిపుణుడికైనా కడుపులో తిప్పుతుంది. ‘ఈ యూనిట్ మూడో సెమిస్టర్‌లో ఇప్పటికే వస్తోంది కాబట్టి తీసేశాం’ అని రాయండి. దానికి పిల్లల ఫీడ్‌బ్యాక్, కంపెనీ వాళ్ల ఫీడ్‌బ్యాక్ జతచేయండి, న్యాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) వాళ్లు వచ్చినప్పుడు ఇవే కాగితాలు అడుగుతారు. గత అయిదేళ్లలో ఎన్ని ప్రోగ్రాముల్లో సిలబస్ మార్చారని న్యాక్ లెక్క అడుగుతుంది కదా, దానికోసమే యూనిట్ 2ని యూనిట్ 3గా, యూనిట్ 3ని యూనిట్ 2గా తిప్పి ‘రివిజన్’ అని రాసుకునే డిపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. పేర్లెందుకులెండి.

ఇక నిపుణులు అడిగే మొదటి ప్రశ్న మీకు ఇప్పుడే చెప్తాను: ‘మెషిన్ ఉందా?’ హెచ్‌పీఎల్‌సీ లక్షల్లో పని. అది లేకుండా పేపర్ పెడితే ప్రాక్టికల్ అంటే పాత బ్యాచ్ రికార్డు చూసి గ్రాఫు కాపీ కొట్టడమే అవుతుంది. లేకపోతే లేదని ఒప్పుకోండి. యూవీ విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, పీహెచ్ మీటర్, కండక్టోమీటర్ ఉంటాయి కదా, వాటి మీద ప్రాక్టికల్స్ నింపి, హెచ్‌పీఎల్‌సీని కంపెనీతోనో దగ్గర్లోని ఫార్మసీ కాలేజీతోనో ఎంఓయూ పెట్టుకుని రెండు రోజుల డెమోగా చూపించండి, అది కాగితం మీద అలాగే రాయండి. మన జిల్లాకి ఇంకో మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలియనివాళ్లెవరు? మీ పిల్లల్లో సగంమంది కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లే అయ్యుంటారు. వాళ్ల ఊరి బోరు నీళ్లు సీసాలో తెచ్చుకుని ఫ్లోరైడ్, హార్డ్‌నెస్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే ప్రాక్టికల్ ఒకటి పెట్టండి. నేను పెట్టించాను. పిల్లలు ల్యాబ్‌కి టైమ్‌కి రావడం ఆ ఒక్క ప్రాక్టికల్‌కే చూశాను.

పేపర్ మార్పులో అసలు గొడవ సైన్స్ గురించి కాదు, గంటల గురించి. మీరు తీసేస్తానంటున్న పేపర్‌ని ఎవరు చెప్తున్నారు? ఆయనకి వారానికి ఎన్ని గంటలు తగ్గుతాయి? ఆయన గెస్ట్ ఫ్యాకల్టీ అయితే వచ్చే ఏడాది ఉంటాడా పోతాడా? ఈ మాట మీటింగ్‌లో ఎవరూ అనరు. ‘ఈ పేపర్ తీసేస్తే పిల్లల బేసిక్స్ దెబ్బతింటాయండీ’ అని మాత్రం అంటారు. ముందురోజే ఆయనతో కూర్చుని టీ తాగి, కొత్త పేపర్‌లో రెండు యూనిట్లు మీరే చెప్పండి మాస్టారూ అంటే పనైపోతుంది. అలాగే మీ కొత్త పేపర్‌లో ఎలక్ట్రానిక్స్ వాసన వచ్చే యూనిట్ ఏదైనా ఉంటే ఫిజిక్స్ వాళ్లకి ముందే చూపించండి. అకడమిక్ కౌన్సిల్‌లో హెచ్‌ఓడీలందరూ కూర్చుంటారు, ఫిజిక్స్ హెచ్‌ఓడీ అక్కడ మొదటిసారి చూసి ‘ఇది మా సబ్జెక్టు’ అన్నాడంటే మీ ఐటమ్ ఇంకో ఆరు నెలలు వాయిదా.

క్రెడిట్లు చూసుకోండి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160 క్రెడిట్లు కనీసం. దాని పైన మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఫ్రేమ్‌వర్క్ ఒకటుంటుంది, 2023-24లో సింగిల్ మేజర్ (మూడు సబ్జెక్టుల బదులు ఒకటే ప్రధాన సబ్జెక్టు) పెట్టినప్పుడు ఎంపీసీ, బీజెడ్‌సీ గ్రూపుల లెక్కంతా ఎలా తారుమారైందో మీకు గుర్తుండే ఉంటుంది. అటానమస్ అన్నాక ఆ చట్రం కూడా మాకు వర్తించదు అనుకునేవాళ్లున్నారు, అది పొరపాటు. పేపర్‌కి నాలుగు క్రెడిట్లుంటే కొత్తదానికీ నాలుగే పెట్టండి, అప్పుడు మొత్తం లెక్క కదలదు, ఎవరికీ ప్రశ్న రాదు. మూడుకి దించి ప్రాక్టికల్‌కి రెండు చేస్తే మాత్రం రెగ్యులేషన్ పుస్తకం తిరగెయ్యాలి.

ఇప్పుడు మా దగ్గర జరిగిన పొరపాటు చెప్తాను, కాలేజీ పేరు అడక్కండి.

ఒక ఏడాది మేం ఒక ఆర్గానిక్ పేపర్‌ని నాలుగో సెమిస్టర్ నుంచి మూడుకి, ఒక ఫిజికల్ పేపర్‌ని మూడు నుంచి నాలుగుకి మార్చాం. సిలబస్‌లో ఒక్క అక్షరం మారలేదు, చోట్లు మాత్రమే మారాయి. పది నిమిషాల్లో పాసైంది. యూనివర్సిటీ నామినీ ఆమదాలవలసలో మధ్యాహ్నం రైలు పట్టుకోవాలని తొందరలో ఉన్నారు, మేమూ భోజనాల తొందరలో ఉన్నాం. సంతకాలు పెట్టేశాం. ఆయన సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ‘అవునండీ, డిటెయిన్ అయిన (అటెండెన్స్ లేక సెమిస్టర్ ఆగిపోయిన) పిల్లలెవరైనా ఉన్నారా?’ అన్నారు. చూసుకుంటాం సార్ అన్నాం. చూసుకోలేదు.

ఒక కుర్రాడున్నాడు. మూడో సెమిస్టర్ పూర్తిచేశాడు, అంటే పాత పద్ధతిలో ఫిజికల్ రాసి పాసయ్యాడు. నాలుగో సెమిస్టర్‌లో అటెండెన్స్ లేక ఆగిపోయాడు. వాళ్ల నాన్నకి బాగోలేక జీడి తోట పనులు వాడే చూసుకున్నాడట. మరుసటి ఏడాది నాలుగో సెమిస్టర్‌లో కింది బ్యాచ్‌తో కలిసి కూర్చున్నాడు. ఆ బ్యాచ్‌కి నాలుగో సెమిస్టర్‌లో ఫిజికల్. అంటే పాసైన పేపరే మళ్లీ చదివాడు, ఆర్గానిక్ అసలు చదవనే లేదు. మాకు ఎవరికీ పట్టలేదు. ఆఖరి సెమిస్టర్ అయ్యాక కన్సాలిడేటెడ్ మార్కుల లిస్టు తీస్తే ఒక పేపర్ రెండుసార్లు, ఒక పేపర్ సున్నాసార్లు. క్రెడిట్లు కూడితే సరిపోతున్నాయి, అదీ విచిత్రం! కంప్యూటర్ వాణ్ణి పాస్ అంది. ఎగ్జామినేషన్ సెక్షన్‌లో అటెండర్ గారు లిస్టు చూసి ‘ఏటి మాస్టారూ, ఈ కుర్రోడు ఒకే పరీక్ష రెండుపాలి రాసేసినాడేటి’ అన్నాక గానీ బయటపడలేదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆపారు, వాడికి ప్రత్యేకంగా ఆర్గానిక్ పరీక్ష పెట్టడానికి మళ్లీ కౌన్సిల్ కూర్చోవాల్సి వచ్చింది, ఈలోపు వాడి పీజీ అడ్మిషన్ ఆ ఏడాదికి పోయింది. తప్పు వాడిది కాదు, మాది. సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కాబట్టి మీ తీర్మానంలో మూడు విషయాలు అక్షరాలా ఉండాలి. మొదటిది, ఏ బ్యాచ్ నుంచి. ‘వచ్చే విద్యా సంవత్సరం నుంచి’ అని రాస్తే చెడిపోతారు, ఎందుకంటే వచ్చే విద్యా సంవత్సరంలో ఫస్టియర్, సెకండియర్, ఫైనలియర్ మూడూ ఉంటాయి. ‘ఫలానా సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో చేరే బ్యాచ్ నుంచి’ అని రాయండి. ఇంజినీరింగ్ కాలేజీల వాళ్లు ఆర్20, ఆర్23 అని రెగ్యులేషన్‌కి పేరు పెట్టుకుంటారు చూడండి, అది అందుకే. రెండోది, పాత పేపర్ తప్పినవాళ్లు ఏం రాయాలి, పాత సిలబస్‌తో సప్లిమెంటరీ ఎన్నాళ్లు పెడతారు. మూడోది, డిటెయిన్ అయి కింది బ్యాచ్‌లో కలిసేవాళ్లకి ఏ పేపర్‌కి ఏది సమానం, ఏది అదనంగా రాయాలి. దీన్ని ఈక్వివలెన్స్ టేబుల్ అంటారు. అరపేజీ ఉంటుంది. ఆ అరపేజీ లేకపోతే మీ ప్రతిపాదన పాసైనా సరే, పూర్తికానట్టే.

ఇంకోటి, చిన్నదే గానీ ప్రాణం తీస్తుంది: కోర్సు కోడ్. పేపర్ మారితే కోడ్ మార్చండి. పాత కోడ్ మీదే కొత్త సిలబస్ నడిపితే, ప్రశ్నపత్రం సెట్ చేసే బయటి మాస్టారికి ఏది పంపారో, బ్యాక్‌లాగ్ రాసే పిల్లాడి చేతికి ఏ పేపర్ వచ్చిందో దేవుడికే తెలియాలి. బోర్డు మీటింగ్ కంటే ముందు పరీక్షల కంట్రోలర్ గారి గదికి వెళ్లి కొత్త కోడ్, మోడల్ పేపర్, బ్లూప్రింట్ మాట్లాడుకుని రండి.

బోర్డు అయ్యాక అకడమిక్ కౌన్సిల్. ప్రిన్సిపాల్ ఛైర్మన్, హెచ్‌ఓడీలు, కొందరు మాస్టార్లు, బయటి నిపుణులు, యూనివర్సిటీ నామినీలు ముగ్గురు. ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కౌన్సిల్ మీ ప్రతిపాదనని మార్చి ఆమోదించొచ్చు, తిరిగి బోర్డుకి పంపొచ్చు, తిరస్కరించొచ్చు, కానీ కాదన్నప్పుడు కారణం చెప్పాలి. ‘నాట్ అప్రూవ్డ్’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే మినిట్స్‌లో కారణం రాయమని మర్యాదగా అడగండి, అది మీ హక్కు. తిరిగొస్తే మనసు కష్టపెట్టుకోకండి. నావి రెండుసార్లు తిరిగొచ్చాయి, ఒకసారి మాత్రం వాళ్లు చెప్పిందే రైటు.

ఇక పేరు. ఇక్కడ మీ ప్రిన్సిపాల్ గారిని కొంచెం ఆపండి. డిగ్రీ ఇచ్చేది మీ కాలేజీ కాదు, యూనివర్సిటీ. సర్టిఫికెట్ మీద మీ కాలేజీ పేరు ఉంటుందంతే. యూజీసీ చట్టం, 1956లో సెక్షన్ 22 కింద ఏయే డిగ్రీ పేర్లు ఇవ్వొచ్చో జాబితా ఉంటుంది, 2014లో ఇచ్చిన గెజిట్ చూడండి. బీఎస్సీ అందులో ఉంది కాబట్టి బీఎస్సీని బీఎస్సీగానే ఉంచి లోపల మేజర్ పేరు మార్చుకోవడం మీ కౌన్సిల్ ఆమోదంతో, యూనివర్సిటీకి రాతపూర్వకంగా తెలియజేసి చేయొచ్చు. సాధ్యమే. చేయాలా వద్దా అన్నదే ప్రశ్న.

మీ పిల్లాడు రేపు ఏపీ పీజీసెట్ రాసి ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి వెళ్తే అక్కడ అర్హత దగ్గర ‘కెమిస్ట్రీ’ అని ఉంటుంది. బీఈడీకి, డీఎస్సీకి, ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లకి అంతే. సర్టిఫికెట్ మీద ఫార్మా కెమిస్ట్రీ అని ఉంటే, వెరిఫికేషన్ బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా ‘ఇది అదేనని ఈక్వివలెన్స్ తెచ్చుకో’ అంటాడు. వాడు కాలేజీకి వస్తాడు, కాలేజీ యూనివర్సిటీకి రాస్తుంది, ఈలోపు కౌన్సెలింగ్ అయిపోతుంది. దానికితోడు ఫార్మా అన్న మాట చూసి ఇది బీఫార్మసీ లాంటిదే అనుకుని చేరే తల్లిదండ్రులుంటారు. బీఫార్మసీ అంటే ఫార్మసీ కౌన్సిల్ పర్మిషన్, అది వేరే లోకం. అడ్మిషన్లు పెరగాలంటే పేరు కెమిస్ట్రీగానే ఉంచి, బ్రోచర్‌లో ఇన్‌స్ట్రుమెంటల్ అనాలిసిస్ పేపర్ గురించి, ఎంఓయూ గురించి నాలుగు వాక్యాలు రాసుకోండి. నా అభిప్రాయం ఇంతే, ప్రిన్సిపాల్ గారికి నచ్చకపోవచ్చు. (మీ కాలేజీలో బీబీఏ, బీసీఏ వాళ్లు కూడా ఇలాంటి ఆలోచనలో ఉంటే, 2024-25 నుంచి అవి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) కిందికి వెళ్లాయని గుర్తుచేయండి, అక్కడ పేరు, సీట్లు రెండూ వాళ్ల అప్రూవల్‌తోనే కదులుతాయి.)

జూన్‌కల్లా అన్నారు. డిగ్రీ అడ్మిషన్లు ఇప్పుడు ఓఏఎండీసీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి కదా, పిల్లలు అక్కడ కనిపించే పేరు చూసే ఆప్షన్ పెట్టుకుంటారు. పేరు మార్చేదుంటే పోర్టల్‌లో కోర్సుల వివరాలు పంపే లోపే అంతా పూర్తికావాలి, ఆ తర్వాత మార్చినా ఆ ఏడాదికి లాభం లేదు. పేపర్ మార్పుకైతే ఆ బెంగ లేదు, మీరు మార్చేది ఐదో సెమిస్టర్‌లో. కొత్త బ్యాచ్ జూన్‌లో చేరితే ఆ పేపర్ వాళ్ల దాకా రావడానికి ఇంకా రెండేళ్లుంది! ఇంత టెన్షన్ దేనికి? ఇప్పుడున్న సెకండియర్ పిల్లలకే వచ్చే ఏడాది పెట్టేద్దామని మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా అంటున్నారేమో చూసుకోండి. మధ్యలో ఆట నియమాలు మార్చడం అవుతుంది, కౌన్సిల్ ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకున్నా నేను సలహా ఇవ్వను. ఆ పిల్లలకి సర్టిఫికెట్ కోర్సుగా ఇవ్వండి.

నేనైతే ఇలా చేసేవాణ్ణి. డిసెంబరులో ఫీడ్‌బ్యాక్ కాగితాలు, జనవరిలో డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని పట్టిక, సంక్రాంతి అయ్యాక కంట్రోలర్‌తో, ఫిజిక్స్ వాళ్లతో మాటలు, ఫిబ్రవరిలో బోర్డు, మార్చిలోనో ఏప్రిల్‌లోనో కౌన్సిల్, ఆ వారంలోనే మినిట్స్ సంతకాలతో యూనివర్సిటీకి, అదే సిలబస్ కాలేజీ వెబ్‌సైట్‌లో. బయటి నిపుణులకి కాగితాలు కనీసం పది రోజుల ముందు పంపండి. మీటింగ్ పొద్దున పెట్టండి, రైలు టైమ్ అడిగి మరీ పెట్టండి.

మీ పాత, కొత్త పేపర్ల పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. దాంతోపాటు ప్రస్తుతం సెకండియర్‌లోనూ ఫైనలియర్‌లోనూ డిటెయిన్ అయినవాళ్లు ఎంతమందో ఆఫీసులో కనుక్కుని ఆ సంఖ్య కూడా రాయండి, పేర్లు వద్దు.